కుళాయికి మోటారు బిగించాలా?

ప్రశ్న: మా వీధిలో పన్నెండు ఇళ్లకు ఒకటే లైను. రోజుకు గంటే నీళ్లు. మా ఎగువింటివాళ్లు కుళాయి గొట్టానికే మోటారు బిగించారు, మాకు సన్నటి ధార వస్తోంది. అడిగితే "ఎవరి ఇల్లు వాళ్లు చూసుకోవాలి కదండీ" అంటున్నారు. మేమూ బిగించుకోక తప్పదా?
– ఒక గృహిణి, ఆరిలోవ, విశాఖపట్నం

జవాబు: దయచేసి బిగించకండి. తాటిపూడి జలాశయం నీళ్లయినా రైవాడ జలాశయం నీళ్లయినా, ఆ గంటలో మీ వీధి లైనులోకి దిగేవి దాదాపు అన్నే. ఒకరు లాగితే పదకొండు ఇళ్ల వాటా తగ్గుతుంది. పన్నెండు ఇళ్లూ లాగితే మళ్లీ పాత వాటాలే, పైన కరెంటు బిల్లు. ఆ తర్వాత ఎవరిది పెద్ద మోటారన్న పోటీ మొదలవుతుంది.

అసలు భయం వేరే ఉంది. లైనులో ఒత్తిడి ఉన్నంతసేపు పగుళ్లలోంచి నీరు బయటికే కారుతుంది. మోటారు పీల్చగానే లోపలి ఒత్తిడి పడిపోయి, అదే పగులు పక్కనున్న మురుగునీటిని లోపలికి లాక్కుంటుంది. మన గొట్టాలు చాలాచోట్ల కాలువలోంచే పోతాయి. ఆ మురికి ముందుగా చేరేది మోటారు ఉన్న ఇంటికే. ఎగువింటివాళ్లకు ఈ మాటే చెప్పండి. న్యాయం గురించి వాదిస్తే వినకపోయినా, వాళ్ల పిల్లల మంచినీళ్ల సంగతైతే వింటారు.

అయితే వాళ్ల ఇబ్బందీ నిజమే. కొండవాలులో ప్రతి 10 మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి తగ్గుతుంది. అందుకే ముందు కొలవండి. ఒక రోజు మోటార్లన్నీ ఆపించి, నీళ్లు వదిలిన పావుగంటకు ప్రతి ఇంట్లో నేలమట్టం కుళాయి కింద 15 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో రాయండి. అప్పుడూ మీకే ఆలస్యమైతే లోపం మీ కనెక్షన్‌దే కావచ్చు: పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపు లోపల తుప్పుతో సన్నబడి ఉంటుంది, లేదా ఫెర్రూల్ (వీధి లైనుకు మీ ఇంటి గొట్టాన్ని కలిపే బిగింపు) పూడి ఉంటుంది. ఫెర్రూల్ జోలికి మీ ప్లంబరును పోనివ్వకండి, అది జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) సిబ్బంది పని.

రెండిళ్లకూ దారి సంపు. మనిషికి 135 లీటర్ల చొప్పున నలుగురికి రోజుకు 540 లీటర్లు కావాలి. మీటరు పొడవు, వెడల్పు, లోతున్న సంపులో 1000 లీటర్లు పడతాయి. నేలకన్నా దిగువన ఉంటుంది కాబట్టి తక్కువ ఒత్తిడిలోనూ నీరు దిగుతుంది. సెప్టిక్ ట్యాంకుకు దూరంగా తవ్వించండి. వాననీరు జారకుండా మూత అంచు జానెడు ఎత్తు లేపండి. నిండగానే ఆగేలా ఫ్లోట్ వాల్వు పెట్టించండి. గొట్టం చివర నీటిమట్టానికి పైనే ఉండాలి. మునిగితే, లైను ఖాళీ అయినప్పుడు సంపు నీరు వెనక్కి వెళ్లి వీధంతా కలుస్తుంది. సంపు నుంచి పై ట్యాంకుకు మోటారు పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు.

అప్పటికీ వాళ్లు మోటారు తీయకపోతే, బకెట్ లెక్కలు జతచేసి మిగతా ఇళ్లన్నీ సంతకాలతో జీవీఎంసీ నీటి సరఫరా విభాగానికి అర్జీ ఇవ్వండి. ఈలోగా తాగే నీళ్లు మరగబెట్టుకోండి.