రెండేళ్ల పాప అన్నం ముట్టడం లేదా? ముందు పాలు లెక్కెయ్యండి

మీ రెండేళ్ల పాప అన్నం ముట్టడం లేదని అడిగారు కదా, ఇది పాల పనే. రోజుకి మూడుసార్లు 240 మిల్లీలీటర్ల సీసా అని రాశారు, అంటే 720. ఆ చిన్న పొట్టలో ఇక పప్పన్నానికి చోటెక్కడిది? పైగా ఏడాది దాటాక ఎదుగుదల నెమ్మదిస్తుంది, ఆకలీ తగ్గుతుంది.

1. పాలు 500 దాటనివ్వకండి. సీసా మాన్పించి గ్లాసుతో ఇవ్వండి. మరీ ఎక్కువైతే ఒంట్లో ఐరన్ తగ్గుతుంది.

2. అందరూ వదిలేసేది ఇదే: తిండికీ తిండికీ మధ్య రెండు మూడు గంటలు మంచినీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ గుప్పెడు, ఇంటికొచ్చాక తాతగారి బిస్కెట్టు... ఇవెవరి లెక్కలోకీ రావు. మా ఇంట్లో దొంగ దొరికింది అక్కడే! (మిక్చర్‌లో వేరుశెనగలు గొంతుకి అడ్డం పడతాయి, ఈ వయసుకి అసలు వద్దు.) మూడు రోజులు ఎవరేం పెట్టారో కాగితం మీద రాయండి, మీ అత్తగారు పెట్టినవి కూడా.

3. అరగంటలో తినకపోతే కంచం తీసెయ్యండి. ఫోను చూపించి కుక్కొద్దు.

4. కొత్త కూర పది పదిహేనుసార్లు కనబడితే గానీ ముట్టరు. రెండు మెతుకులంత పెట్టి ఊరుకోండి.

బరువు తగ్గినా, పాలిపోయినా, మింగడానికి ఇబ్బందిపడుతున్నా ఆగకుండా పిల్లల డాక్టరుకి చూపించండి.