ఎండ ముదిరితే పురుగు చస్తుందా?

ఎండలు పెరిగితే పంట మీద పురుగు తగ్గుతుందా, పెరుగుతుందా అని అడిగారు. నన్నడిగితే పగటి ఎండ కంటే చల్లబడని రాత్రులకే భయపడాలి.

నేను మొక్కజొన్న వేస్తాను. ఒకసారి ఆకుల మీద కత్తెర పురుగు గుడ్ల ముద్దలు కనిపించాయి, తల్లి పురుగు కప్పిన నూగుతో సహా. పక్కపక్క మొక్కల నుంచి ఆకు ముక్కలు కోసి రెండు డబ్బాల్లో పెట్టాను. ఒకటి వసారాలో, ఒకటి చల్లటి లోపలి గదిలో. వసారా డబ్బాలో నల్ల తలల పిల్ల పురుగులు సన్నటి దారాలకు వేలాడుతున్నా, గదిలోని గుడ్లు ఇంకా పగల్లేదు. రెంటికీ ఒకే రకం లేతాకు వేస్తూ వచ్చాను. గదిలోవి ఆకును పైపైన గీకే దశలో ఉండగానే వసారాలోవి లావెక్కి ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. తేడా వేడిలోనే.

పురుగు ఒంటివేడి బయటి వేడిని బట్టే ఉంటుంది. కత్తెర పురుగు సుమారు 12 డిగ్రీల కింద ఎదగదు, ఆ పైన ఉన్న వేడే దాని ఎదుగుదలకు జమ. రోజు సగటు 20 అయితే జమ 8, 28 అయితే 16. అంటే వేగం రెట్టింపు. గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి 18 డిగ్రీల దగ్గర సుమారు 70 రోజులు పడితే, 32 దగ్గర 20 రోజులు చాలు. ఒక తరం పట్టే కాలంలో మూడు తరాలు!

అందుకే చలికాలానికీ ఎండాకాలానికీ మందు కొట్టడానికి ఒకటే గడువు రాసే చార్టులంటే నాకు ఒళ్ళు మంట. వాతావరణ వార్తలూ అంతే, మధ్యాహ్నం ఎంత కొట్టిందో చెప్పి ఊరుకుంటాయి. రాత్రి 26 కంటే దిగకపోతే పురుగు తెల్లవార్లూ జోరుగా ఎదుగుతూనే ఉంటుంది. పైగా దీని రెక్కల పురుగులు జతకట్టేదీ గుడ్లు పెట్టేదీ రాత్రే.

ఎండ మరీ మీరితే గుడ్లు తగ్గే మాట, మగవాటి సత్తువ దెబ్బతినే మాట నిజమే. మగతోడు లేకుండానే పిల్లల్ని పెట్టే పేనుబంక కూడా 30 దాటితే చాలావరకు డీలా పడుతుంది. కత్తెర పురుగు మాత్రం మొక్క నడిమి లేతాకులు చుట్టుకుని ఉండే సుడిలో దూరి ఎండ తగలకుండా దాక్కుంటుంది.

రాత్రులు వేడిగా ఉంటే రెండు మూడు రోజులకోసారి సుడులు విప్పి చూడండి. ఆకు మీద తెల్లటి గీకుడు మచ్చలు ఉన్నప్పుడే మందు బాగా పనిచేస్తుంది. సుడిలో రంపపు పొట్టులాంటి రెట్ట నిండాక లోపలి పెద్ద పురుగుకు మందు సరిగా అందదు.