వాళ్ల నాన్ననే పిలవమనండి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా బాబు ఎనిమిదో తరగతి లెక్కల్లో, సైన్సులో తప్పాడు. మళ్లీ ఎనిమిదే చదివించమంటున్నారు స్కూలు వాళ్లు. మా తోడికోడలి కూతురిదీ అదే క్లాసు, తను తొమ్మిదికి వెళ్తోంది. సెలవులకి అందరూ వస్తారు, ఏం చెప్పాలి? విజయవాడలో హాస్టల్లో వేసేస్తే ఎవరికీ తెలియదు కదా? రిజల్ట్ వచ్చినప్పటి నుంచి మా వారు వాడితో మాట్లాడటం లేదు. వాడేమో పాత నోటుపుస్తకాల లేబుళ్ల మీద 8ని 9గా దిద్దుకుంటున్నాడు.

జవాబు: బంధువులకు ఏమీ చెప్పక్కర్లేదమ్మా. అడిగితే చదువుతున్నాడనండి, చాలు. హాస్టల్ మాట ఇంకెత్తకండి. తప్పినందుకు ఇంట్లోంచి పంపేశారనే అనుకుంటాడు వాడు.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. ఒకే ఇంట్లో ఉంటూ తండ్రి కొడుకుతో మాట్లాడకపోవడమేమిటి? "వాడు తిన్నాడా" అని మిమ్మల్నే అడుగుతుంటారేమో, ఆ మాట వాడినే అడగమనండి. అంతంత ఫీజులు కట్టిన మనిషికి కోపం రావడం సహజం. కోపమొస్తే నాలుగు తిట్టి, ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఎనిమిదో తరగతి పిల్లాడికీ పరువుంటుంది. ఆ దిద్దిన లేబుళ్లలో నాకు కనిపించింది అదే.

ఇక క్లాసు సంగతి. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిది పూర్తయ్యేదాకా ఎవరినీ ఆపొద్దంది. 2019 సవరణ తర్వాత, ప్రభుత్వం అనుమతిస్తే ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపొచ్చు. అదైనా అదనంగా పాఠాలు చెప్పి, ఫలితాలొచ్చిన రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష పెట్టాకే. మీవాడికి పెట్టారా? ఏ ఉత్తర్వు ప్రకారం ఆపుతున్నారో మీ వారే వెళ్లి అడగాలి, బాబుని వెంటబెట్టుకుని. జవాబు పత్రాలూ చూడాలి. ఎనిమిదిలో లెక్కలు రాని పిల్లల్లో చాలామంది ఎప్పుడో ఐదులో, భిన్నాల దగ్గరే ఆగిపోయి ఉంటారు. అవే పాఠాలు అదే తీరున ఇంకో ఏడాది చెబితే ఆ గండి పూడదు. చిన్నపిల్లల మధ్య కూర్చోలేక, పాత స్నేహితులకు ఎదురుపడలేక, పదికి రాకముందే బడి మానేసిన పిల్లల్ని నేను చూశాను. అదే క్లాసు మళ్లీ చదివిన తొలి ఏడాది పెరిగిన నాలుగు మార్కులు వాళ్లను బడిలో నిలపలేదు.

రాత్రి భోజనాలయ్యాక అరగంట, ఐదో తరగతి లెక్కల పుస్తకం ముందేసుకుని తండ్రీకొడుకులు కూర్చోవాలి. ఆయనకు లెక్కలు గుర్తులేకపోతే ఇద్దరూ కలిసి నేర్చుకుంటారు. ఈ జవాబు ఆయన చేత చదివించండి. ఇవాళ అన్నానికి మీరు పిలవకండి, వాళ్ల నాన్ననే పిలవమనండి.