క్రూజ్ ఎక్కే రోజు, దిగే రోజు ఏం జరుగుతుంది?

వయసు మళ్లిన అమ్మానాన్నలతో మొదటిసారి క్రూజ్‌కు వెళుతున్నామని, ఓడ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఏం జరుగుతుందో ముందే తెలిస్తే బాగుంటుందని అడిగారు. సరైన ప్రశ్న అడిగారు. సముద్రం మీద గడిపే రోజుల గురించి అందరూ చెబుతారు గాని, పెద్దవాళ్లు నిజంగా అలసిపోయేది ఆ మొదటి రోజూ చివరి రోజే. మా అమ్మానాన్నలను తీసుకువెళ్లినప్పుడు, ఆ తర్వాత పిల్లలతో వెళ్లినప్పుడు నేను చూసినవీ నాకు పనికొచ్చినవీ రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం తెలుసుకోండి. మీరు ఎక్కబోయే ఓడ ఆ రోజు తెల్లవారుజామునే రేవుకు చేరి ఉంటుంది. పాత ప్రయాణికులంతా దిగాలి, వాళ్ల సామాను దింపాలి, గదులన్నీ శుభ్రం చేయాలి, తర్వాతి ప్రయాణానికి సరిపడా సరుకులు ఎక్కించాలి, మధ్యాహ్నం మీరు ఎక్కాలి, సాయంత్రం నాలుగైదు గంటలకు ఓడ మళ్లీ బయలుదేరాలి. ఐకాన్ ఆఫ్ ది సీస్ లాంటి ఓడ పూర్తిగా నిండితే 7,600 మంది దాకా ప్రయాణికులు ఉంటారు. అంతమంది దిగడం, అంతమంది ఎక్కడం ఒక్క పగటిలోనే జరిగిపోవాలి. మిమ్మల్ని ఫలానా గంటకే ఎందుకు రమ్మంటారో, గది మధ్యాహ్నం దాకా ఎందుకు ఇవ్వరో, చివరి రాత్రే పెట్టెలు ఎందుకు అడుగుతారో ఇక్కడే తెలిసిపోతుంది.

ఎక్కే రోజు సంగతి. చెక్-ఇన్‌లో చాలా భాగం ఇంటి దగ్గరే ఫోనులో పూర్తవుతుంది. పాస్‌పోర్టు వివరాలు, ముఖం ఫొటో, ఓడలో ఖర్చుల కోసం బ్యాంకు కార్డు నమోదు చేస్తే, టెర్మినల్‌కు ఏ సమయానికి రావాలో ఎంచుకోమంటారు. పొద్దుటి సమయాలు త్వరగా అయిపోతాయి కాబట్టి నమోదు మొదలైన రోజే పూర్తి చేయండి. పెద్దవాళ్లు వెంట ఉంటే మరీ మొదటి గుంపులో కాకుండా పదకొండున్నర, పన్నెండు ప్రాంతంలో వెళ్లడమే నయమని నా అభిప్రాయం. అప్పటికి మొదటి వరుసలు కాస్త పలచబడతాయి, ఓడలో అడుగుపెట్టిన కాసేపటికే గది కూడా సిద్ధమవుతుంది.

విమానంలో వెళ్లి ఎక్కవలసి ఉంటే ముందు రోజే ఆ ఊరు చేరుకోండి. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. విమానం నాలుగు గంటలు ఆలస్యమైనా ఓడ మీ కోసం ఆగదు. బయలుదేరే సమయం అని టికెట్టు మీద ఉండేది మీరు ఎక్కవలసిన సమయం కాదని కూడా గమనించండి. అమెరికా రేవుల నుంచి వెళ్లే ఓడలు కనీసం 60 నిమిషాల ముందే ప్రయాణికుల జాబితాను ప్రభుత్వానికి పంపాలి. అందువల్ల చెక్-ఇన్ ఆ లోపే మూసేస్తారు. ఓడ కళ్లెదుటే ఉన్నా ఆ తర్వాత వచ్చినవాళ్లను ఎక్కనివ్వరు.

వీసా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఓడ ఒక దేశంలో బయలుదేరి, వేరే దేశాలు తిరిగి, మళ్లీ మొదటి దేశానికే వస్తుందంటే మీరు ఆ దేశంలోకి రెండోసారి ప్రవేశిస్తున్నట్టే. ఒక్కసారి ప్రవేశానికి మాత్రమే ఇచ్చిన వీసా దానికి సరిపోదు. షెంగెన్ దేశాల్లో (అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో) ఎక్కి, మధ్యలో ఆ పరిధి దాటి బయటి రేవులో ఆగే ప్రయాణాలకూ ఇదే వర్తిస్తుంది. టెర్మినల్ కౌంటర్ దగ్గర ఈ లోపం బయటపడితే అక్కడ ఎవరూ ఏమీ చేయలేరు.

టెర్మినల్ ముందు కారు దిగగానే పోర్టర్లు మీ పెద్ద పెట్టెలు తీసుకుంటారు. గది నంబరు ఉన్న కాగితపు ట్యాగులను ఇంట్లోనే ముద్రించి, పిడికి చుట్టి స్టేప్లర్ కొట్టి, పైన వెడల్పాటి టేపు అంటించి తీసుకువెళ్లండి. పెట్టెల గుట్టలో ఒకదాన్నొకటి రాసుకుని ఆ కాగితాలు ఊడిపోతుంటాయి. పెట్టె లోపల కూడా పేరు, గది నంబరు రాసిన కాగితం ఒకటి పెట్టండి. పెట్టెలన్నీ ఎక్స్‌రే యంత్రంలోంచి వెళతాయి. ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే కెటిల్, కొవ్వొత్తులు, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు లాంటివి కనిపిస్తే పెట్టె పక్కన ఆపేస్తారు. సముద్రం మీద నిప్పును మించిన భయం లేదు, అందుకే అంత పట్టుదల.

అలా ఇచ్చిన పెట్టెలు మీ గది ముందుకు వచ్చేసరికి సాయంత్రమో, ఒక్కోసారి రాత్రి భోజనాల వేళో అవుతుంది. కాబట్టి చేతిలో ఉంచుకునే చిన్న సంచి గురించి బాగా ఆలోచించాలి. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, అందరి మందులు, కళ్లద్దాలు, ఫోను ఛార్జరు, ఒక జత బట్టలు, నగలు ఉంటే అవి, ఇవన్నీ ఆ సంచిలోనే ఉండాలి. మా ముందు వరుసలో ఒక పెద్దాయన కౌంటర్ దాకా వచ్చాక, పాస్‌పోర్టు పోర్టర్‌కు ఇచ్చిన పెట్టెలో ఉందని గుర్తుకొచ్చి నిలువునా నీరుగారిపోయారు. కొడుకూ కోడలూ ఆయన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, సిబ్బంది ఆ పెట్టె వెతికి తెస్తారని ఎదురుచూస్తూ నిలబడ్డారు. మేం లోపలికి వెళ్లిపోయే సమయానికి ఆ పెట్టె ఇంకా దొరకలేదు. మందుల సంచి మాత్రం అమ్మానాన్నల చేతికి కాకుండా మీ భుజానికే తగిలించుకోండి.

తర్వాత విమానాశ్రయంలో లాంటి తనిఖీ, ఆపై కౌంటర్ దగ్గర పాస్‌పోర్టు చూడటం, ఆరోగ్యం గురించి రెండు మూడు ప్రశ్నలు. ఒక ప్లాస్టిక్ కార్డు ఇస్తారు, లేదా అది గది తలుపు దగ్గర ఎదురుచూస్తుంటుంది. ఇకపై గది తాళం అదే, డబ్బు అదే, గుర్తింపు అదే. ఓడలోకి వెళ్లే వంతెన దగ్గర కార్డును యంత్రానికి చూపగానే కీచుమని చప్పుడు వచ్చి, కాపలా ఉద్యోగి ముందున్న తెర మీద మీ ఫొటో పడుతుంది. ఆయన తెరనూ మీ ముఖాన్నీ ఒక్క క్షణం పోల్చి చూసి తల ఊపుతారు. ఓడలో ఎవరున్నారు, ఎవరు లేరన్న లెక్క మొత్తం ఆ చప్పుడు మీదే నడుస్తుంది. కొన్ని ప్రయాణాల్లో పాస్‌పోర్టులు ఓడవాళ్లే తీసుకుని చివరిదాకా ఉంచుకుంటారు. అది మామూలే, కంగారు పడవద్దు. ముందే ఫొటో తీసి పెట్టుకోండి.

ఎక్కువ దూరం నడవలేని వారికి, ఎక్కువసేపు నిలబడలేని వారికి చక్రాల కుర్చీ అడగండి. టికెట్టు కొన్నప్పుడే చెప్పి పెడితే మంచిది. మా నాన్న మొదట మొహమాటపడ్డారు గాని, టెర్మినల్ ఒక చివర నుంచి మరో చివరకు ఉన్న దూరం, ఏటవాలుగా పైకి సాగే వంతెన చూశాక మారు మాట్లాడలేదు. సాధారణంగా ఆ కుర్చీ ఎక్కించడానికీ దించడానికీ మాత్రమే. ప్రయాణమంతా కావాలంటే సొంతది తెచ్చుకోవాలి, లేదా ముందే అద్దెకు మాట్లాడుకోవాలి.

లోపల అడుగుపెట్టగానే అందరూ పై అంతస్తులోని బఫేకు పరుగెత్తుతారు. చాలా ఓడల్లో ఆ మధ్యాహ్నం కింద ఇంకో భోజనశాల కూడా తెరిచి ఉంటుంది. ఎదురుపడిన సిబ్బందిని అడిగితే చెబుతారు, అమ్మానాన్నలు అక్కడ ప్రశాంతంగా కూర్చుని తినవచ్చు. గదులు ఒంటి గంటకో రెండింటికో ఇస్తారు. అంతకు ముందు ఆ నడవాల్లోకి వెళితే విడిచిన దుప్పట్లు గుట్టలుగా నిండిన బండ్లు, చెమటలు కక్కుతూ పరుపులు సర్దుతున్న మనుషులు కనిపిస్తారు. ఆ కొద్ది గంటల్లో వాళ్లు చేసే పని చూస్తే గౌరవం కలుగుతుంది. గది చూసుకునే ఉద్యోగిని ఆ సాయంత్రమే పేరు అడిగి పలకరించండి.

భద్రతా డ్రిల్ ఉంటుంది, దాన్ని మస్టర్ డ్రిల్ అంటారు. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలోని జీలియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా ఓడ రాయికి తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన వందలాది మందికి అప్పటికి డ్రిల్ జరగలేదు. ఎక్కిన 24 గంటల్లోపు జరిపితే చాలన్నది అప్పటి నియమం. ఆ తర్వాత అంతర్జాతీయ నిబంధన మార్చారు. 2015 జనవరి 1 నుంచి ఓడ బయలుదేరే ముందు, లేదా బయలుదేరిన వెంటనే ఇది జరిగి తీరాలి. ఇప్పుడు చాలా ఓడల్లో ఫోనులోనో గదిలోని టీవీలోనో వీడియో చూసి, తర్వాత మీకు కేటాయించిన చోటికి వెళ్లి కార్డు చూపిస్తే సరిపోతుంది. ప్రమాద సంకేతం ఏడు చిన్న మోతలు, ఆపై ఒక పొడవాటి మోత. మేం కార్డు చూపించి ఊరుకోకుండా, గది నుంచి అక్కడికి లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా ఒకసారి నడిచాం. అమ్మకు ఎన్ని మెట్లు ఉంటాయో, ఎక్కడ పట్టుకోవాలో తెలిసింది. మీరూ అలాగే చేయండి.

మధ్యలో ఆగే రేవుల గురించి క్లుప్తంగా చెబుతాను. అక్కడ దిగడం తేలిక, కార్డు చూపించి దిగిపోవడమే. రేవు లోతు చాలని చోట ఓడ దూరంగా లంగరు వేసుకుని చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తుంది. వాటిని టెండర్లు అంటారు. అలలు ఎక్కువగా ఉన్నప్పుడు పడవ అంచు పైకీ కిందికీ కదులుతుంటుంది. సిబ్బంది మోచేతులు పట్టుకుని, సరైన క్షణం చూసి అడుగు వేయమంటారు. మోకాళ్ల నొప్పులున్నవారు ఆ రోజు ఓడలోనే ఉండిపోయినా నష్టం లేదు. తిరిగి ఎక్కవలసిన గడువు సాధారణంగా ఓడ కదలడానికి అరగంట, గంట ముందే ముగుస్తుంది. అది ఓడ గడియారం ప్రకారమా, ఆ ఊరి గడియారం ప్రకారమా అన్నది దిగేముందే అడిగి తెలుసుకోండి. ఫోను దానంతటదే ఆ ఊరి సమయానికి మారిపోతుంది, మణికట్టు గడియారాన్ని ఓడ సమయానికే ఉంచండి.

ఇక దిగడం. ఇది నిజానికి ముందు రోజు మధ్యాహ్నమే మొదలవుతుంది. గదికి రంగో నంబరో ఉన్న ట్యాగులు వస్తాయి. ఎవరు ఎప్పుడు దిగాలో వాటిని బట్టే పిలుస్తారు. తిరుగు విమానం సమయానికి ఆ నంబరు సరిపడకపోతే ఆ సాయంత్రమే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కు వెళ్లి మార్పించుకోండి. మర్నాడు పొద్దున అక్కడ వరుస చాంతాడంత ఉంటుంది. ఖర్చుల లెక్క కూడా ఆ రాత్రే ఫోనులోనో టీవీలోనో వరుసగా చదవండి. మేం తీసుకోని వస్తువు ఒకటి మా ఖాతాలో పడితే రాత్రి అడగగానే తీసేశారు.

పెట్టెలకు ట్యాగులు కట్టి రాత్రి పది, పదకొండు లోపు గది బయట పెట్టాలి. మళ్లీ అవి కనిపించేది మర్నాడు రేవులోనే. కాబట్టి పొద్దున తొడుక్కునే బట్టలు, చెప్పులు, పాస్‌పోర్టు, మందులు బయట ఉంచుకున్నాకే పెట్టె మూయండి. మంచం మీద రేపటి బట్టలు పరిచి, అందరివీ లెక్క చూసుకుని, అప్పుడు జిప్పు లాగడం మా ఇంట్లో పద్ధతి. గదిలోని లాకరు ఖాళీ చేసి తలుపు తెరిచే వదిలేయండి, మరచిపోయే వీలే ఉండదు. మొత్తం సామాను మీరే మోసుకోగలిగితే పెట్టెలు బయట పెట్టకుండా అందరికంటే ముందు దిగిపోవచ్చు. పెద్దవాళ్లతో అది వద్దని చెబుతాను. ఆ వేళ లిఫ్టులు పెట్టెలతో కిక్కిరిసి ఉంటాయి.

పొద్దున ఎనిమిది, ఎనిమిదిన్నరకల్లా గది ఖాళీ చేయమంటారు. తిని, ఏదైనా హాలులో కూర్చుని మీ నంబరు కోసం వినండి. ముందే వంతెన దగ్గర నిలబడటం వల్ల ఒరిగేదేమీ లేదు, కాళ్లు పీకడమే మిగులుతుంది. చక్రాల కుర్చీ అడిగినవారికి వేరే చోటు చెబుతారు. పిలుపు రాగానే కార్డు చివరిసారి చూపించి దిగుతారు. కింద పెద్ద హాలులో పెట్టెలు రంగుల వారీగా నంబర్ల వారీగా పేర్చి ఉంటాయి. నల్ల పెట్టెలే వందల్లో ఉంటాయి కాబట్టి పిడికి ముదురు రంగు గుడ్డ ఏదైనా కట్టి ఉంచండి. ఆ తర్వాత ఇమిగ్రేషన్, కస్టమ్స్. అమెరికాలో చాలా రేవుల్లో ముఖం ఫొటో తీసి పోల్చి పంపేస్తున్నారు, వరుస వేగంగా కదులుతుంది. ఓడలోంచి పండ్లు, మాంసం చేత్తో పట్టుకుని దిగవద్దు. చాలా దేశాల్లో వాటిని లోపలికి రానివ్వరు.

ఓడ తెల్లవారుజామునే వచ్చినా అధికారుల అనుమతి రానిదే ఎవరినీ దించరు, అది ఒక్కోసారి ఆలస్యమవుతుంది. అందుకే పన్నెండు దాటాక ఉండే విమానమే తీసుకోండి, విమానాశ్రయం దూరమైతే ఇంకా తర్వాతది. దిగిన తర్వాత ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టు చాలామందికి అనిపిస్తుంది. సాధారణంగా అదే తగ్గిపోతుంది. అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే రక్తపోటేమోనని భయపడతారు. ఆ రెండు రోజులూ స్నానాల గదిలో, మెట్ల దగ్గర ఎవరో ఒకరు పక్కన ఉండండి.

ఏ రేవులో ఎక్కుతున్నారో, తిరుగు విమానం ఎన్ని గంటలకో రాస్తే ఏ సమయానికి దిగేలా అడగాలో చెబుతాను.