పీఎస్5 కొన్న వంశీకి: ట్రోఫీలు, కథలు, పాత క్యాసెట్లు

చి. వంశీకి,

పీఎస్5 కొన్నావనీ, మొదటి గేమ్‌గా 2018 నాటి గాడ్ ఆఫ్ వార్ పెట్టుకున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఫోన్‌లో ట్రోఫీ గైడు (గేమ్‌లో ఫలానా పని చేస్తే ఇచ్చే గుర్తింపులను ఎలా తెచ్చుకోవాలో చెప్పేది) తెరిచి ఒళ్లో పెట్టుకుని మరీ ఆడుతున్నావట. ముందు ఆ గైడు మూసెయ్యి. మళ్లీ ఎప్పుడు తెరవాలో కింద చెబుతాను.

ఆ గేమ్‌లో కథ అయ్యాక చేజారిపోయే ట్రోఫీ ఒక్కటీ లేదు. ఓడిన్ కాకులు 51 ఉన్నాయి, వాల్కిరీలు అనే గట్టి శత్రువులు 9 మంది ఉన్నారు. వాళ్లంతా కథ ముగిశాక కూడా అక్కడే ఉంటారు, తీరిగ్గా వెనక్కెళ్లి చూసుకోవచ్చు. మిగతా ట్రోఫీలన్నీ వచ్చాక ఇచ్చే ప్లాటినమ్ అన్నిటికన్నా తేలిక స్థాయిలో ఆడినా వస్తుంది. అలాంటప్పుడు మొదటిసారే కాకుల కోసం గోడలూ కొమ్మలూ గాలిస్తూ నడవడం దేనికి? మిమిర్ అనే పాత్ర నీతో చేరాక గమనించు. పడవలో వెళ్తున్నంతసేపూ దేవతల కథలు చెబుతుంటాడు. నువ్వు ఒడ్డు దిగితే మధ్యలో ఆపేస్తాడు, మళ్లీ పడవెక్కాక వదిలిన చోట అందుకుంటాడు. కాకి కనబడిందని ప్రతి ఒడ్డునా దిగి ఎక్కుతుంటే ఒక్క కథ మూడు ముక్కలవుతుంది, దేన్నీ సరిగా వినవు. ఒడ్డు దగ్గరపడినా సరే, అతను ముగించేదాకా నీళ్లలో గుండ్రంగా తిరుగుతూ ఉండు. గేమ్ నిన్నేమీ తొందరపెట్టదు.

ట్రోఫీల లెక్క తెలిస్తే వాటి మీద మోజు సగం తగ్గుతుంది. ఈ పద్ధతిని 2005లో ఎక్స్‌బాక్స్ 360తో మైక్రోసాఫ్ట్ తెచ్చింది. సోనీ 2008లో పీఎస్3కి పెట్టింది. కంచుకు 15 పాయింట్లు, వెండికి 30, బంగారానికి 90, ప్లాటినమ్‌కు 300. ఆ పాయింట్లు నీ ప్రొఫైల్ లెవెల్ పెంచుతాయి, అంతే. ట్రోఫీ పక్కన కనిపించే శాతం మాత్రం పనికొచ్చేదే, చదవడం తెలిస్తే. 5 శాతం లోపుంటే 'అల్ట్రా రేర్' అంటారు. అలాగని అది కష్టమైనదనుకోకు. గేమ్ మొదలుపెట్టి రెండు గంటల్లో వదిలేసినవాళ్లు కూడా ఆ లెక్కలో ఉంటారు. కొత్త గేమ్ కొనేముందు, కథ పూర్తిచేసినందుకు ఇచ్చే ట్రోఫీ ఎంతమందికి వచ్చిందో చూడు. అది మరీ తక్కువగా ఉంటే గేమ్ సాగదీసినదో, మధ్యలో విసుగు పుట్టించేదో అయ్యుంటుంది.

ఏ గేమ్ అయినా మొదలుపెట్టే ముందు మూడు సంగతులు తెలిస్తే చాలు. మధ్యలో శాశ్వతంగా చేజారే ట్రోఫీలున్నాయా? ఫలానా కష్టస్థాయిలోనే ఆడాలన్న షరతుందా? ఆన్‌లైన్ ఆటకు ట్రోఫీలున్నాయా? మంచి గైడు పై అయిదారు వరుసల్లోనే ఇవి రాసి ఉంటాయి. అంతకన్నా కిందికి పోకు. ట్రోఫీ పేర్లలోనే ఎవరు చస్తారో, ఎవరు మోసం చేస్తారో బయటపడిపోతుంది. అందుకే గేమ్‌వాళ్లే కొన్నిటిని దాచిపెడతారు. నీకు చెయ్యి ఆగకపోతే ఆ గేమ్ ఆడని మీ అక్కకిచ్చి ఈ మూడూ చదివి చెప్పమను.

మూడో ప్రశ్న చిన్నదనుకోకు. పీఎస్3 లాస్ట్ ఆఫ్ అస్‌లో ప్లాటినమ్ రావాలంటే మల్టీప్లేయర్ కూడా ఆడి తీరాలి. 2019 సెప్టెంబర్‌లో ఆ సర్వర్లు ఆపేశారు. ఆ డిస్క్ ఇప్పుడు చవగ్గా దొరికినా దానిమీద ప్లాటినమ్ అసాధ్యం. 2022లో పీఎస్5కి వచ్చిన పార్ట్ వన్‌లో మల్టీప్లేయర్ లేదు, కష్టస్థాయి షరతూ లేదు. నీకు అదే సరైనది.

ఆ గేమ్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెబుతాను, ఎందుకంటే ఏరుకునే వస్తువులకూ కథకూ ముడి ఎలా వేయాలో చూపించింది అదే. అందులో దారి పొడుగునా కాగితాలు, చీటీలు దొరుకుతాయి. ఒకచోట ఒడ్డున ఆగిన పడవలో ఇష్ అనే మనిషి రాసిన చీటీ ఉంటుంది. అక్కణ్నుంచి మురుగు కాలువల్లోకి దిగితే అతని చీటీలు ఒకటొకటే దొరుకుతూ, ఆ చీకట్లో కొందరు ఎలా బతికారో, తర్వాత ఏమైందో తెలుస్తుంది. ఆ మనిషి ఒక్కసారి కూడా తెరమీదికి రాడు. గైడు పట్టుకుని పోతే అవే చీటీలు తీసి మూసే నంబర్లయిపోతాయి. చీటీ దొరికినచోటే నిలబడి చదువు, చదివాక ఆ గది చుట్టూ ఒకసారి చూడు. గోడమీద పిల్లల బొమ్మలెందుకున్నాయో అప్పుడు తెలుస్తుంది. పక్కవాళ్ల తలమీద ట్రయాంగిల్ గుర్తు కనబడితే ఏ పనిలో ఉన్నా నొక్కు. ఆ మాటలు గేమ్‌కు అవసరం లేదు, కథకు అవసరం. మిగిలిపోయినవాటికి చాప్టర్ సెలెక్ట్ ఉంది. ఏ అధ్యాయంలో ఎన్ని మిగిలాయో అందులో కనిపిస్తుంది, గైడు తెరవాల్సింది అప్పుడు.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 దీనికి పూర్తిగా వేరు. అందులో నిజంగానే చేజారేవి ఉన్నాయి: ముఠాలో తోటివాళ్లు అడిగిన వస్తువులు తెచ్చివ్వడం, వాళ్లతో వేటకో చేపలకో పోవడం, ఆనర్‌కు (నీ మంచిచెడ్డలకు గేమ్ వేసే లెక్కకు) సంబంధించిన ఐచ్ఛిక మిషన్లు. కథ ముందుకు జరిగేకొద్దీ క్యాంపు మారిపోతుంది, అవి మళ్లీ రావు. కాబట్టి ప్రతి చాప్టర్ మొదట్లో వేరే స్లాట్‌లో చేత్తో సేవ్ చేసిపెట్టు, ఆటోసేవ్‌ను నమ్ముకోకు. రెండు మూడు మిషన్లకోసారి క్యాంపుకు తిరిగొచ్చి రాత్రి మంటదగ్గర కాసేపు ఊరికే కూర్చో. వాళ్లు పాడేది, పోట్లాడుకునేది, నిన్ను పిలిచేది అప్పుడే. ట్రోఫీకి కావలసినదీ కథకు కావలసినదీ ఒకటే అయిన అరుదైన చోటు అది.

కానీ గోల్డ్ మెడల్స్ జోలికి మాత్రం మొదటిసారి వెళ్లకు. ఒక ట్రోఫీకి అవి 70 కావాలంటారు. ఒక మిషన్‌లో బంగారం రావాలంటే ఏం చేయాలో ఆ మిషన్ ముగిశాక గానీ చూపించరు. ఇంత సమయంలో, తలకు ఇన్ని గురి దెబ్బలతో, దెబ్బలు మానే మందు వాడకుండా, ఇలా ఉంటాయి షరతులు. గైడులో చూసుకుని ఆ లెక్కన పరిగెత్తితే గుర్రమ్మీద వెళ్తూ వాళ్లు చెప్పుకునే మాటలన్నీ తెగిపోతాయి. నిదానంగా నడవడానికి తయారుచేసిన కథను స్టాప్‌వాచ్ పెట్టి కొలవమనడం ఆ గేమ్‌లో నాకు నచ్చని పని. కథ అయ్యాక ఏ మిషన్‌నైనా మళ్లీ ఆడుకోవచ్చు, మెడల్స్ అప్పుడు తెచ్చుకో.

సెట్టింగ్స్‌లో కొన్ని పనులు ఇవాళే చెయ్యి. నోటిఫికేషన్లలో ట్రోఫీలవి ఆపు. ఏడుపు సన్నివేశం మీద కంచు కప్పు టింగుమని మోగడంకన్నా పాడు పని లేదు. క్యాప్చర్స్ అండ్ బ్రాడ్‌కాస్ట్స్‌లోకి వెళ్లి ట్రోఫీ వీడియోలు సేవ్ కాకుండా చెయ్యి, లేకపోతే చెప్పకుండా స్టోరేజి తినేస్తాయి. టీవీలో గేమ్ మోడ్ పెట్టు, బటన్ నొక్కిన దానికీ తెరమీద కదలికకీ మధ్య ఆలస్యం తగ్గుతుంది. నేను చెప్పిన ఈ గేముల్లో దేనికీ తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. మిమిర్ స్కాట్లండ్ యాస, రెడ్ డెడ్‌లో కౌబాయ్ యాస మనకు చప్పున అందవు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెద్ద సైజులో, మాట్లాడేవాళ్ల పేరు కనిపించేలా పెట్టుకో. ఇంకోటి: పీఎస్5 గేమ్ సేవ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడం కుదరదు, క్లౌడ్‌కు పంపాలంటే పీఎస్ ప్లస్ చందా కట్టాలి. పీఎస్4 గేమ్ సేవ్‌లు మాత్రం యూఎస్‌బీలోకి వస్తాయి. కన్సోల్ రీసెట్ చేసే ముందు ఇది గుర్తుపెట్టుకో.

రోజూ లాగిన్ అయితే ఇచ్చే బహుమతులు, ఆడేకొద్దీ మెట్లెక్కి బహుమతులు తీసుకునే, నెలన్నరకు గడువు తీరే సీజన్ పాస్‌లు, వీటిని నేను బహుమతుల్లో కలపను. అవి హాజరుపట్టీ. అలాంటి గేమ్ ఏదైనా ఒకటే ఉంచుకో, పాస్ ముందుగా కొనకు. సీజన్ చివరి వారంలో ఏ మెట్టుదాకా ఎక్కావో చూసి అప్పుడు కొను, ఎక్కిన మెట్లదాకా అన్నీ ఒక్కసారే ఇచ్చే గేములే ఎక్కువ. దానిలో ఏం పెట్టారో తెలియని పెట్టెలు మాత్రం అసలు కొనకు. 2018లో బెల్జియం వాటిని జూదమనే తేల్చింది.

పాతకాలపు బహుమతి వేరు. 1997లో వచ్చిన గోల్డెన్‌ఐ అనే జేమ్స్ బాండ్ గేమ్‌లో ఫెసిలిటీ అనే లెవెల్‌ను 00 ఏజెంట్ స్థాయిలో 2 నిమిషాల 5 సెకన్లలో ముగిస్తే దెబ్బ తగలని చీట్ తెరుచుకునేది. ఆ సమయం అందుకోవాలంటే కాపలావాళ్లు, తలుపులు, మెట్లు అన్నీ కంఠతా రావాలి. దొరికాక ఆ చీట్‌తో మిగతా గేమ్ అంతా కొత్తగా ఆడుకోవచ్చు. ట్రోఫీ దొరికాక చేయడానికేమీ ఉండదు, అదే దాని లోటు. కాబట్టి రెండోసారి ఆడేటప్పుడు ట్రోఫీల జాబితాలోంచి ఆట తీరు మార్చేవాటినే ఎంచుకో. కొత్త ఆయుధం, కొత్త కవచం, కొత్త శత్రువు ఇచ్చేవి చెయ్యి. ఉత్త లెక్కకోసం ఏరుకునేవి వదిలెయ్యి. గాడ్ ఆఫ్ వార్‌లో వాల్కిరీలు మొదటి రకం, కాకులు రెండో రకం.

పాత గేములు మళ్లీ చేసినవి కొనేముందు అది రీమాస్టరా, రీమేకా చూసుకో. రీమాస్టర్ అంటే అదే గేమ్‌కు బొమ్మ శుభ్రం చేసినది. రీమేక్ అంటే మళ్లీ మొదట్నుంచీ కట్టినది. ఫైనల్ ఫాంటసీ 7 విషయంలో 1997 నాటి అసలుదే ముందు ఆడు. 2020 రీమేక్, 2024 రీబర్త్ అసలు కథ నీకు తెలుసన్న నమ్మకంతోనే మలుపులు తిప్పుతాయి. పీఎస్4లో దొరికే అసలు గేమ్‌కు మూడు రెట్ల వేగం, దారిలో ఊరికే ఎదురుపడే పోట్లాటలు ఆపే సౌకర్యం ఉన్నాయి. వేగం వాడుకో, పోట్లాటలు పూర్తిగా ఆపకు. లెవెల్ పెరగక బాస్ దగ్గర ఇరుక్కుపోతావు. నువ్వడిగిన జీటీఏ వైస్ సిటీ 2021 డెఫినిటివ్ ఎడిషన్‌లో పాత రేడియో పాటలు కొన్ని లేవు. పాటల కోసమే కొంటుంటే అది తెలుసుకుని కొను.

ఇక మీ నాన్న అటకమీంచి దించిన పాత టీవీ వీడియో గేమ్. దానిలో క్యాసెట్ పెట్టేముందు ఉఫ్‌మని ఊదడం మానిపించు. నోటి తడి పిన్నులమీద చేరి తుప్పు పట్టిస్తుంది. అప్పట్లో ఊదాక పనిచేసింది ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినందుకు. 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చి, దూదిపుల్ల కొస తడిపి, పిన్నుల వెంట నిలువుగా రుద్దు. నల్లగా వస్తున్నంతసేపూ పుల్ల మార్చు. పది నిమిషాలు ఆరనిచ్చి, స్విచ్ ఆపి ఉన్నప్పుడే పెట్టు.

అడాప్టర్ పోయి ఉంటే బజార్లో దొరికిందల్లా తగిలించకు. పెట్టె అడుగున స్టిక్కర్ మీద వోల్టేజి ఎంతో, మైనస్ లోపలా బయటా అన్న గుర్తు ఎటుందో చూడు. నింటెండో జపాన్‌లో అమ్మిన అసలు ఫామికామ్‌కు మైనస్ లోపల ఉండే 10 వోల్ట్‌ల డీసీ కావాలి. దాని అమెరికా రూపమైన ఎన్‌ఈఎస్ అడాప్టర్ 9 వోల్ట్‌ల ఏసీ ఇస్తుంది, దాన్ని డీసీ కావలసిన పెట్టెకు పెడితే బోర్డు కాలిపోవచ్చు. కొత్త టీవీకి పసుపు పిన్ను లేకపోతే హెచ్‌డీఎంఐ కన్వర్టర్ కొనాలి. చవకవి బొమ్మను అలికేస్తాయి, మారియో గెంతు అర క్షణం వెనకబడుతుంది. అందుకే పాత డబ్బా టీవీ ఇంట్లో ఉంటే పారెయ్యకు. బాతుల్ని కాల్చే తుపాకీ దానిమీద తప్ప ఎల్‌ఈడీ మీద పనిచేయదు, అది చూసేది డబ్బా టీవీ తెర వెలిగే తీరునే.

ఆడేది అరగంటే ఆడండి. ఆ గేములు చిన్నవి, వాటిని పొడిగించింది కష్టమే. కాంట్రా 8 స్టేజీలే. మారియోలో 32 లెవెళ్లు, గేమ్ ఓవర్ అయ్యాక టైటిల్ తెరమీద 'A' బటన్ నొక్కిపట్టి స్టార్ట్ కొడితే పోయిన ప్రపంచంలోనే మొదటి లెవెల్ నుంచి మొదలవుతుంది. 3-1 చివర మెట్లమీద తాబేలును తొక్కుతూ లైఫ్‌లు పెంచుకునే కిటుకు నీకు చూపిస్తాడు మీ నాన్న. 128 లైఫ్‌లకు చేరనివ్వకు. లెక్క అక్కడ తిరగబడి, ఒక్కసారి చచ్చినా గేమ్ ఓవర్. ట్యాంకుల గేమ్‌లో 35 స్టేజీల సంగతి పక్కన పెట్టి కన్‌స్ట్రక్షన్‌లోకి వెళ్లి మీరే ఇటుకలు పేర్చుకోండి. స్విచ్ ఆపితే మీ మ్యాప్ పోతుంది కాబట్టి ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకోండి. క్యాసెట్ మరీ లేవకపోతే కొనామీ 2019లో తెచ్చిన కాంట్రా యానివర్సరీ కలెక్షన్ పీఎస్4ది కొను, నీ పీఎస్5లో ఆడుతుంది. ఎక్కడంటే అక్కడ సేవ్ చేసే సౌకర్యం ఉంది, దాన్ని స్టేజి మొదట్లో మాత్రమే వాడు. ప్రతి గెంతుకూ సేవ్ చేస్తే పది నిమిషాల్లో విసుగొస్తుంది.

డాలస్ మామయ్య సంక్రాంతికి వస్తూ డిస్కులు తెస్తానన్నాడని విన్నాను. అమెరికా డిస్క్ నీ పీఎస్5లో ఆడుతుంది. కానీ దానికి అదనపు కథలు కొనాలంటే డిస్క్ ఏ ప్రాంతానిదో స్టోర్ కూడా ఆ ప్రాంతానిదే అయి ఉండాలి, నీ ఇండియా అకౌంట్‌లో కొన్నది దానికి అతకదు. అదనపు కథలు లేని గేములే తెమ్మను. లేదా అన్నీ డిస్క్‌లోనే ఉన్న కంప్లీట్ ఎడిషన్లు తెమ్మని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు.

మీ బాబాయ్