తిండి రూల్స్ రాసే చోట ఉద్యోగాలుంటాయా?

రాయగడ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా పాప ప్లస్ టూ సైన్స్ అయింది. దేశాలన్నీ కూర్చుని తిండి గురించి రూల్స్ పెట్టే చోట పనిచేస్తానంటోంది. అసలు అది ఉద్యోగమేనా? బ్యాంకు పరీక్షలు రాయమంటే అలిగి కూర్చుంది."

ఉద్యోగమేనండీ, టెన్షన్ పడకండి. కాకపోతే దీనికి ఒకే పరీక్ష, ఒకే నోటిఫికేషన్ అంటూ ఉండవు, చిక్కంతా అక్కడే.

మీకు తెలిసిన ధాన్యం కొనే మండీ సంగతే చెప్తాను. టోకెన్ పట్టుకుని బస్తాల దగ్గర కాపలా పడుకునే రైతు, కట్ని ఛట్ని పేరుతో క్వింటాలుకి ఇన్ని కిలోలని కోసేస్తుంటే నోరెత్తలేని రైతు, అతనికొచ్చే మద్దతు ధరలో సబ్సిడీ ఎంతో తేల్చే సూత్రం డబ్ల్యూటీవోలో, అంటే దేశాల మధ్య వ్యాపార రూల్స్ పెట్టే ప్రపంచ వాణిజ్య సంస్థలో ఉంది. దానికి ఇవాళ్టికీ 1986-88 నాటి ధరలే ఆధారం. అప్పటికి మీ పెళ్లయినా అయిందో లేదో! ఆ లెక్క పంట విలువలో 10 శాతం దాటితే హద్దు మీరినట్టే, 2013లో బాలిలో కుదిరిన మినహాయింపు ఉంది కాబట్టి బండి నడుస్తోంది. ఇలాంటి కాగితంలో మెలిక ఎక్కడుందో పట్టుకుని వాదించేవాళ్లు మనకి కావాలి.

రోమ్‌లోని ప్రపంచ ఆహార భద్రతా కమిటీలో 2009 సంస్కరణల తర్వాత చిన్న రైతుల, ఆదివాసుల సంఘాలు కూడా మాట్లాడుతున్నాయి, ఓటు మాత్రం దేశాలకే. ఆహార ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్‌లో అయితే డబ్బున్న దేశం గుంపుగా నిపుణుల్ని దింపుతుంది, పేద దేశం ఒక్కణ్ణి పంపడానికి కూడా టికెట్టు డబ్బులు వెతుక్కుంటుంది.

పాపని ముందు బీఎస్సీ అగ్రికల్చర్‌లో (భువనేశ్వర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఓయూఏటీ ఉంది కదా) గానీ ఫుడ్ టెక్నాలజీలో గానీ చేర్చండి. లా, ఎకనామిక్స్ పీజీలో చూసుకోవచ్చు. డబ్ల్యూటీవో వ్యవహారాల మీద ఢిల్లీలో విదేశీ వాణిజ్యం నేర్పే ఐఐఎఫ్‌టీలో ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది. కోడెక్స్‌తో మన దేశం తరఫున ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపేది కేంద్ర ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, అందులో టెక్నికల్ ఆఫీసర్ పోస్టులు పడుతుంటాయి, నా ఓటు వాటికే. నేరుగా రోమ్ అని కలలు కంటే మాత్రం కాస్త ఆపండి.

ఇంకో మాట. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కోంధుల భాష కువి వింటూ పెరిగిన పిల్ల, మనం చోడి అన్నా ఒడియావాళ్లు మండియా అన్నా ఒకే రాగి గింజ అని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది ఏ కోచింగులోనూ దొరకదు.

ఈ రబీ ధాన్యం మండీకి వచ్చినప్పుడు ఆమెను తూకం దగ్గర నాలుగు రోజులు నిలబెట్టండి, ఎవరు ఏం రాసుకుంటున్నారో నోట్‌బుక్‌లో ఎక్కించమనండి. బ్యాంకు ఫారానికేం, డిగ్రీ అయ్యాకైనా నింపుకోవచ్చు.