జెడ్4కి పదిహేడు అంగుళాల చక్రాలు సరిపోతాయా?

ప్రశ్న: నాది 2012 మోడల్ బీఎమ్‌డబ్ల్యూ జెడ్4 ఎస్‌డ్రైవ్ 35ఐ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొనేటప్పటికే 19 అంగుళాల చక్రాలున్నాయి. ముందు 225/35, వెనక 255/30, నాలుగూ రన్‌ఫ్లాట్ టైర్లు. ఈ వర్షాల్లో సర్జాపుర రోడ్డు మీద నీళ్లు నిండిన గుంత కనబడక దిగిపోయింది. ముందు టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బింది, వెనక రిమ్ము వంగింది. వెనక టైరు ఆ సైజులో ఎక్కడ అడిగినా లేదంటున్నారు. అందుకే చిన్న చక్రాలు వేసుకుందామనుకుంటున్నాను. ఒక షాపువాళ్లు 16 అంగుళాలు వేస్తామంటున్నారు. ఇంకొకరు 17 మీద 225/50 వేస్తే గుంతలే తెలియవంటున్నారు. స్నేహితులేమో స్పోర్ట్స్ కారుకి చక్రం తగ్గిస్తే అందమూ పోతుంది, హ్యాండ్లింగూ పోతుందంటున్నారు. అమ్మానాన్నలు అనంతపురంలో ఉంటారు, తరచూ వెళ్లొస్తుంటాను. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: 17కి రండి. నాలుగు చక్రాలకూ 225/45 ఆర్17 వేయించండి. మీ తరం జెడ్4కి కంపెనీయే ఇచ్చిన సైజు అది. డ్రైవరు వైపు తలుపు తెరిస్తే అక్కడ ఒక స్టిక్కరు కనిపిస్తుంది. ఏ సైజు టైరుకి ఎంత గాలి పెట్టాలో దాని మీద ఉంటుంది. షాపుకి వెళ్లే ముందు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. షాపులో ఎవరేం చెప్పినా ఆ ఫొటోతో పోల్చి చూసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు ఉబ్బిన టైరు సంగతి. దాని మీద బండి నడపకండి. పక్క గోడలో దారాలు తెగితేనే అలా ఉబ్బుతుంది. దానికి ప్యాచ్ లేదు, రిపేరు లేదు. హైవే మీద వేగంలో అది పగిలితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. అనంతపురం ప్రయాణం కొత్త టైర్లు పడ్డాకే పెట్టుకోండి.

ఇక లెక్క. టైరు మీద 225/45 ఆర్17 అని ఉంటే, వెడల్పు 225 మి.మీ., పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 45 శాతం, అంటే సుమారు 101 మి.మీ. రిమ్ము 17 అంగుళాలు, అంటే 431.8 మి.మీ. పైనా కిందా గోడలు కలుపుకుంటే టైరు మొత్తం ఎత్తు సుమారు 634 మి.మీ. మీకు ఇప్పుడున్న 225/35 ఆర్19 ఎత్తు 640, వెనక 255/30 ఆర్19 ఎత్తు 636. చూశారా, రిమ్ము రెండంగుళాలు తగ్గినా మొత్తం ఎత్తులో తేడా ఒక్క శాతం కూడా రాలేదు. స్పీడోమీటరు, ఏబీఎస్, గేర్లు అన్నీ ఈ మొత్తం ఎత్తు మీదే ఆధారపడి నడుస్తాయి. అది మారనంతవరకు కారుకి ఇబ్బంది లేదు.

మారేదల్లా పక్క గోడ. మీ వెనక టైరుకి ఇప్పుడు 76 మి.మీ. గోడ ఉంది. 17కి వస్తే 101 అవుతుంది. ఈ పాతిక మి.మీ. కోసమే ఇంత చెబుతున్నాను. గుంత అంచు తగిలినప్పుడు టైరు లోపలికి నొక్కుకుంటుంది. గోడ పొట్టిగా ఉంటే గుంత అంచుకీ రిమ్ము అంచుకీ మధ్య రబ్బరు నలిగి దారాలు తెగుతాయి, దెబ్బ నేరుగా అల్లాయ్ రిమ్ముకి తగులుతుంది. మీ కారుకి జరిగింది సరిగ్గా ఇదే. అదనంగా వచ్చే ఆ పాతిక మి.మీ.లో ఉండే గాలే రిమ్ముని కాపాడుతుంది.

225/50 ఆర్17 వేద్దామన్న షాపు సలహా వద్దు. దాని ఎత్తు 657 మి.మీ. అవుతుంది. 225/45 కంటే మూడున్నర శాతం ఎక్కువ. మీటరు చూపించే దానికంటే కారు ఎక్కువ వేగంతో పోవచ్చు. కంపెనీలు మీటరుని కొంచెం ఎక్కువ చూపించేలా పెడతాయి, తక్కువ చూపించకూడదన్నది అంతర్జాతీయ నియమం. ఆ జాగ్రత్తంతా ఈ టైరుతో పోతుంది. పైగా స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, స్పీడ్ బ్రేకరు మీద సస్పెన్షన్ దిగినప్పుడు లోపల రాసుకునే ప్రమాదం ఉంది.

16 అంగుళాల సలహా కాగితం మీద బాగానే కనిపిస్తుంది. 205/55 ఆర్16 ఎత్తు 632 మి.మీ., అంటే మొత్తం ఎత్తు సరిపోతుంది. కానీ 35ఐకి ముందు బ్రేకు డిస్కే 348 మి.మీ. ఉంటుంది. డిస్కుని నొక్కి పట్టే కాలిపర్ దాని మీదుగా ఇంకా బయటికి వస్తుంది. 16 రిమ్ము లోపల అంత చోటు లేదు. టైరు సైజు చెప్పే యాప్‌లు ఎత్తు మాత్రమే చూస్తాయి, బ్రేకు సంగతి వాటికి తెలియదు. ఈ మాట మీకే కాదు, ఏ స్పోర్ట్స్ కారుకైనా వర్తిస్తుంది. ఇంజను బలం పెరిగే కొద్దీ బ్రేకు పెద్దదవుతుంది. ఒకే మోడల్‌లో చిన్న ఇంజను కారుకి పట్టిన రిమ్ము పెద్ద ఇంజను కారుకి పట్టకపోవచ్చు.

17 రిమ్ములు కొనే ముందు కూడా ఈ పరీక్ష చేయించండి. పిల్లలు ఆడుకునే క్లే కొంచెం తీసుకుని కాలిపర్ మీద బయటికి పొడుచుకొచ్చిన చోట, రిమ్ము కడ్డీల వెనక వైపుకి ఎదురుగా ఉండే చోట ముద్దలుగా అంటించండి. టైరు లేకుండా ఖాళీ రిమ్ము బిగించి చేత్తో ఒక్క చుట్టు నెమ్మదిగా తిప్పండి. విప్పి చూస్తే క్లే ఎంత మందాన మిగిలిందో అదే మీకున్న ఖాళీ. 3 మి.మీ. కంటే తక్కువ మిగిలితే ఆ రిమ్ము వద్దని చెప్పేయండి. బ్యాలెన్సింగ్ కోసం రిమ్ము లోపల సీసం ముక్కలు అంటిస్తారు కదా, వాటికి కూడా ఆ ఖాళీలోనే చోటు కావాలి. కొత్త రిమ్ము కొనకముందే ఇలా తిప్పి చూపించడానికి ఒప్పుకోని షాపులో నేనైతే కొనను.

రిమ్ములు ఎక్కడ దొరుకుతాయంటారా? మీ కారుకి అయిదు బోల్టులు, 120 మి.మీ. పీసీడీ (బోల్టులన్నీ ఉండే వలయం వ్యాసం), మధ్య రంధ్రం 72.6 మి.మీ. పాత 3 సిరీస్‌లో ఈ90 తరం, దాని తర్వాతి ఎఫ్30 తరం, రెండింటికీ ఇవే కొలతలు. కంపెనీ రిమ్ములు మంచి స్థితిలో ఉన్నవి మీ ఊళ్లోనే జేసీ రోడ్డు విడిభాగాల షాపుల్లో వెతికితే దొరికే అవకాశం ఉంది. ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పు మధ్య గీత నుంచి కారుకి బిగించే ముఖం ఎంత దూరమన్నది, మాత్రం ఒక్కో డిజైనుకి ఒక్కోలా ఉంటుంది. కడ్డీ వెనక ‘ఈటీ’ అన్న అక్షరాల పక్కన అచ్చు వేసి ఉంటుంది, చదివి మీ కారుకి చెప్పిన దానితో పోల్చుకోండి. 2019 తర్వాత వచ్చిన 3 సిరీస్ రిమ్ములు చూడటానికి అలాగే ఉన్నా కొనకండి. వాటి పీసీడీ 112, మీ బోల్టుల మీద కూర్చోవు. అడాప్టరు పెట్టి వేసేస్తామంటే అక్కడి నుంచి వచ్చేయండి. బయటి కంపెనీ రిమ్ము తీసుకుంటే మధ్య రంధ్రం పెద్దదిగా ఉండొచ్చు, అప్పుడు ఆ ఖాళీని పూడ్చే హబ్ రింగు తప్పనిసరి. అది లేకపోతే ఎంత బ్యాలెన్సింగ్ చేసినా హైవే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. వంకర తీసిన పాత రిమ్ముల్లో పగులుకి వెల్డింగ్ చేసినవి కలిపి అమ్మేవాళ్లున్నారు. రిమ్ము లోపలి వైపు వెలుతురులో చూడండి, పెయింటు కొత్తగా మెరుస్తుంటే అనుమానించండి.

టైరు విషయంలో మీరు తేల్చుకోవాల్సింది రన్‌ఫ్లాటా, మామూలుదా అన్నది. రన్‌ఫ్లాట్ పక్క గోడ మందంగా, గట్టిగా ఉంటుంది. గాలి పోయినా గంటకి 80 కి.మీ. మించకుండా 80 కి.మీ. దూరం దాకా వెళ్లొచ్చు. అందుకే మీ కారుకి స్టెప్నీ ఇవ్వలేదు. కానీ ఆ గట్టితనమే గుంత దెబ్బని మీ నడుముకి చేరవేస్తుంది. జెడ్4లో సీటు దాదాపు వెనక చక్రాల ముందే ఉంటుంది కాబట్టి ఆ దెబ్బ మరీ తెలుస్తుంది. నా ఓటు మామూలు టైరుకే. అయితే బాగేపల్లి దాటాక రాత్రిపూట పంక్చరయితే ఏం చేయాలో ముందే ఆలోచించుకోవాలి. చిన్న కంప్రెసరు, పంక్చరు పుల్లల కిట్టు, సీలెంట్ డబ్బా డిక్కీలో పడేసుకోండి. అమ్మనో నాన్ననో పక్క సీట్లో ఎక్కించుకుని చీకట్లో వెళ్లే రోజులే ఎక్కువైతే 17లోనే రన్‌ఫ్లాట్ తీసుకోండి, అది కూడా తప్పు కాదు. రెండు రకాలు కలిపి మాత్రం వేయకండి.

టైరు మీద లోడ్ ఇండెక్సు 91 లేదా అంతకంటే ఎక్కువ, వేగం అక్షరం డబ్ల్యూ ఉండేలా చూడండి. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, డబ్ల్యూ అంటే 270 కి.మీ. వేగం వరకు. 225/45 ఆర్17 దొరకడం కష్టం కాదు. పాత 3 సిరీస్, సీ క్లాస్, ఆక్టేవియాల్లో చాలావాటికి ఇదే సైజు. మీ వెనక 255/30 ఆర్19 దొరకకపోవడానికి ఒక కారణం ఉంది. 2020 జూన్‌లో కేంద్రం కార్ల టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది. అప్పటి నుంచి అరుదైన సైజులు తెప్పించడం దిగుమతిదారులకి కష్టమైంది. ఎవరైనా దొంగచాటుగా తెచ్చి అమ్మితే పక్క గోడ మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. తయారీ తేదీ నాలుగు అంకెలుగా ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం.

రకం సంగతికొస్తే, మీరు ట్రాక్‌కి వెళ్లేవారు కాదు, బెంగళూరు వానలో ఆఫీసుకి వెళ్లేవారు. తడి రోడ్డు మీద పట్టున్న టైరుకే మొదటి మార్కు వేయండి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 లాంటిదయితే స్టీరింగ్‌కి చురుగ్గా స్పందిస్తుంది, ప్రైమసీ 4 లాంటిదయితే నిశ్శబ్దంగా, మెత్తగా ఉంటుంది. ఈ కారుకి నేను మొదటిదే ఎంచుకుంటాను. చక్రం తగ్గించడం వల్ల కొంచెం తగ్గే చురుకుని అది తిరిగి ఇస్తుంది.

హ్యాండ్లింగ్ గురించి మీ స్నేహితుల మాటలో కొంత నిజముంది. స్టీరింగ్ తిప్పిన క్షణంలో కారు తిరగడం ఒక పిసరు ఆలస్యమైనట్టు అనిపిస్తుంది. వెనక టైరు 255 నుంచి 225కి వచ్చింది కాబట్టి 306 హార్స్‌పవర్ మొత్తాన్ని వానలో ఒక్కసారిగా తొక్కితే వెనక భాగం ఇదివరకటికంటే త్వరగా జారుతుంది. కారు జారకుండా చూసే డీఎస్‌సీని ఆపేసి నడపకండి. కానీ నునుపైన రోడ్డు మీద వచ్చే తేడా అది. గతుకుల రోడ్డు మీద 19 చక్రం ఎగిరెగిరి పడుతుంది, గాల్లో ఉన్న టైరుకి పట్టెక్కడిది? బరువు తగ్గిన చక్రం రోడ్డుని అంటిపెట్టుకుని ఉంటుంది. మన రోడ్ల మీద ఈ కారు 17 మీదే బాగా నడుస్తుందని నా గట్టి నమ్మకం. ఇంకో లాభం కూడా ఉంది. నాలుగూ ఒకే సైజు కాబట్టి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకోవచ్చు. అందం సంగతి మీ ఇష్టం. ఫెండరు కింద కొంచెం ఖాళీగా కనిపిస్తుంది, కాదనను.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. కంపెనీ ఆ మోడల్‌కి ఇచ్చిన సైజులోనే ఉండమని నేను పట్టుబట్టడానికి అదొక కారణం. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా ఒక ఈమెయిల్ పెట్టి ఉంచండి.

చక్రాలు మారాక అలైన్‌మెంట్ చేయించండి. గుంతలో రిమ్ము వంగిందంటే సస్పెన్షన్‌లోనూ ఏదో ఒకటి కదిలి ఉండొచ్చు. తీసేసిన వెనక టైర్ల లోపలి అంచుని చేత్తో తడిమి చూడండి. బీఎమ్‌డబ్ల్యూల్లో వెనక చక్రాలు పైభాగం లోపలికి వంగి ఉంటాయి కాబట్టి ఆ అంచు ముందు అరుగుతుంది, నిలబడి చూస్తే కనబడదు. ఒక వైపు టైరుకి ఆ అంచు నున్నగా, ఇంకో వైపు టైరుకి మామూలుగా ఉంటే అలైన్‌మెంట్ తప్పిందన్నమాట, కొత్త టైర్లని కూడా అది తినేస్తుంది. గాలి స్టిక్కరులో చెప్పినంత ఉదయం చల్లగా ఉన్నప్పుడే పెట్టించండి. తర్వాత కారు మెనూలో టైరు ప్రెజర్ రీసెట్ కొట్టండి. చక్రాలు తిరిగే వేగాన్ని బట్టి గాలి తగ్గిందో లేదో కనిపెట్టే పద్ధతిలో, రీసెట్ చేయకపోతే ఊరికే వార్నింగ్ వస్తుంది. కొంత దూరం నడిపాక బోల్టులు టార్క్ రెంచ్‌తో మరోసారి బిగింపించండి.

ప్రశ్న: నాది ఆడి టీటీ క్వాట్రో, రెండో తరం. 255/35 ఆర్19 టైర్లున్నాయి. ముందు రెండు టైర్లు అరిగిపోయాయి. ఇప్పుడు ముందు మాత్రం 17 అంగుళాల రిమ్ములకి 245/45 వేసి, వెనక రెండూ వచ్చే ఏడాది మారుద్దామనుకుంటున్నాను. కుదురుతుందా?
— ఒక పాఠకురాలు, అన్నానగర్, చెన్నై

జవాబు: కుదరదమ్మా. మీ సైజు ఎంపిక బాగుంది, 245/45 ఆర్17 ఆ కారుకి కంపెనీ ఇచ్చిందే. రెండు విడతలుగా మార్చడమే తప్పు. వెనక టైరు ఎత్తు 661 మి.మీ., ముందుది 652 అవుతుంది. మీ కారులో నాలుగు చక్రాలకీ ఇంజను బలం వెళ్తుంది. ముందూ వెనకా కలిపే హాల్డెక్స్ క్లచ్ ఉంటుంది. ముందు చక్రాలు చిన్నవైతే అవి ఎప్పుడూ కొంచెం ఎక్కువ వేగంగా తిరుగుతాయి, వాటికి పట్టు తప్పిందని కారు అనుకుంటుంది. హైవే మీద గంటల తరబడి ఆ క్లచ్ అనవసరంగా పనిచేసి వేడెక్కుతుంది. దాని రిపేరు ఖర్చుతో పోలిస్తే రెండు టైర్ల ఖర్చు ఏ మూలకి? నాలుగూ ఒకేసారి మార్చండి. ఇప్పుడు డబ్బు సర్దుబాటు కాకపోతే 19లోనే ముందు రెండూ వెనకవాటి బ్రాండే, అదే మోడల్ వేయించండి. వెనక టైర్లు కూడా సగం పైగా అరిగి ఉంటే మాత్రం అప్పుడు కూడా నాలుగూ మార్చాల్సిందే.